దేనికి నార్మల్?

పోయిన సెమిస్టర్ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ వైవాలో ఎక్స్‌టర్నల్ గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "నార్మల్ స్ట్రెస్ అంటే ఏంటి బాబూ?"

జవాబు నాకు తెలుసు. ముందు రోజు రాత్రి రూమ్‌లో ఇద్దరికి చెప్పాను కూడా. కానీ నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. జవాబు మొదలుపెట్టాల్సిందే "నార్మల్" అనే మాటతో. నాలుక ఆ "నా" దగ్గరే ఆగిపోయింది. "నా... నా... నా..." అంటూ ఉంటే ఆయన పెన్ను కింద పెట్టి, నిజంగా మంచి మనసుతోనే అన్నారు: "కంగారు పడకు. కాస్త నార్మల్‌గా మాట్లాడు."

నేను ఇంకోసారి నోరు తెరిచేలోపు నెక్స్ట్ రోల్ నంబర్‌ని పిలిచేశారు.

ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుంటే ఆ ఒక్క మాటే బుర్రలో తిరిగింది. నిమిషంలో రెండుసార్లు వాడారు. ఒకసారి నాకు తెలిసిన అర్థంలో, ఇంకోసారి నాకు చేతకాని అర్థంలో. రెండూ ఒకే మాట ఎలా అయ్యాయి? మన సిలబస్‌లో ఈ మాట ఎన్నిచోట్ల ఉందో వెతకడం మొదలుపెట్టాను. దొరికింది మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

తాతయ్య మూలమట్టం

తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళకి జామెట్రీ బాక్స్ గుర్తుండే ఉంటుంది. వృత్తలేఖిని, కోణమానిని, రెండు మూలమట్టాలు. మనం ఆ మూలమట్టాలతో గీతలు గీసింది తక్కువ, వాటి మధ్య చిల్లులో పెన్సిల్ పెట్టి తిప్పింది ఎక్కువ.

మా ఇంట్లో ఇంకో మూలమట్టం ఉండేది. తాతయ్య వడ్రంగి. ఉలి, బాడిశ, రంపాలతో పాటు ఇనుప రేకూ చెక్క పిడీ కలిపి "ఎల్" ఆకారంలో ఉండే మూలమట్టం ఒకటి ఆయన సంచిలో ఎప్పుడూ ఉండేది. గుమ్మం చట్రం బిగించే ముందు నాలుగు మూలల్లోనూ దాన్ని ఆనించి చూసేవారు. సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్ళీ చిత్రిక పట్టాల్సిందే.

లాటిన్ భాషలో ఈ పనిముట్టు పేరు "నార్మా". "నార్మాలిస్" అంటే మూలమట్టానికి సరిపోయేది, లంబకోణంలో ఉండేది. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో "నార్మల్" వచ్చినప్పుడు కూడా దాని అర్థం "లంబంగా" అనే. మనం ఇప్పుడు వాడే "మామూలుగా, అందరిలాగా" అనే అర్థం బాగా స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. అంటే వయసులో మన మ్యాథ్స్ నార్మలే పెద్దది. "కాస్త నార్మల్‌గా ఉండరా" అనే నార్మల్ దాని ముందు చిన్నపిల్ల.

ఎనార్మస్ అనే మాట కూడా ఇదే ఇంటిది. మట్టం దాటిపోయింది అని దాని అసలు అర్థం. పారిస్‌లో 1794లో ఉపాధ్యాయుల కోసం పెట్టిన ఎకోల్ నార్మల్ పేరులో ఉన్నదీ ఇదే. చదువు చెప్పడానికి ఒక మట్టం, ఒక ప్రమాణం నేర్పే బడి అని.

లంబంగా ఉండే గీతకీ బుద్ధిగా ఉండే మనిషికీ సంబంధం ఏంటి అని మొదట నాకూ అనిపించింది. తర్వాత తెలుగు గుర్తొచ్చింది. "తిన్నగా వెళ్తే బస్టాండ్ వస్తుంది" అంటాం. "తిన్నగా కూర్చో" అనీ అంటాం. మొదటిది జామెట్రీ, రెండోది క్రమశిక్షణ. అలాగే గీత వంకరగా ఉంటుంది, బుద్ధి కూడా వంకరే అంటాం. చెక్కని కొలిచిన మాటతోనే మనిషినీ కొలవడం మనకీ కొత్తేం కాదు.

ఏ తలానికి?

ఇంటర్ మ్యాథ్స్ తెలుగులో నార్మల్‌ని అభిలంబం అంటారు. వక్రానికి ఒక బిందువు దగ్గర స్పర్శరేఖ గీసి, అదే బిందువు దగ్గర దానికి లంబంగా గీస్తే అభిలంబం. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. గాల్లో ఒక గీత గీసి "ఇది నార్మలా కాదా" అని అడిగితే జవాబు లేదు. దేనికి నార్మల్ అని ముందు చెప్పాలి.

ఫిజిక్స్ నార్మల్ ఫోర్స్ కూడా అంతే. బల్ల మీద పుస్తకం ఉంటే బల్ల దాన్ని పైకి నెడుతుంది. బల్లని ఒక పక్క ఎత్తి వాలు చేస్తే ఆ బలం కూడా బల్లతో పాటే వంగుతుంది, తగ్గుతుంది, ఎంజీ కాస్ తీటా అవుతుంది. అది భూమికి నిటారుగా ఉండదు, బల్లకి నిటారుగా ఉంటుంది.

మా మెకానికల్ ల్యాబ్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ఉక్కు కడ్డీని రెండు వైపులా లాగుతున్నాం అనుకోండి. దాన్ని అడ్డంగా కోసినట్టు ఊహించుకుని చూస్తే మొత్తం స్ట్రెస్ నార్మల్ స్ట్రెస్సే, షియర్ సున్నా. అదే కడ్డీని, అదే లోడ్ కింద, 45 డిగ్రీల ఏటవాలుగా కోసినట్టు ఊహించుకుంటే నార్మల్ స్ట్రెస్ సగానికి పడిపోతుంది, షియర్ కూడా అంతే విలువకి వస్తుంది. కడ్డీ మారలేదు, లోడ్ మారలేదు. మనం చూసే తలం మారింది, అంతే.

లీనియర్ ఆల్జీబ్రాకి వచ్చేసరికి ఇదే మాట ఇంకో వేషం వేస్తుంది. వెక్టర్‌ని నార్మలైజ్ చెయ్యమంటే దాని పొడవుని 1 చెయ్యమని. ఫస్టియర్ మిడ్‌లో నేను దానికి లంబంగా ఇంకో వెక్టర్ గీసి సున్నా తెచ్చుకున్నాను. ఆర్థోనార్మల్‌లో అయితే "ఆర్థో" అంటే లంబంగా, "నార్మల్" అంటే పొడవు 1. అసలు లంబం అనే అర్థంతో పుట్టిన మాట, ఆ పని పక్కవాడికి అప్పగించి తను పొడవు చూసుకుంటోంది అన్నమాట.

గణితంలో నార్మల్ అంటే సర్వసాధారణం అనుకోవడానికీ లేదు. గ్రూప్ థియరీలో నార్మల్ సబ్‌గ్రూప్ అంటే అదనపు షరతు నెగ్గిన ప్రత్యేకమైనది. నార్మల్ నంబర్ కథ దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. దశాంశ విస్తరణలో ప్రతి అంకే, ప్రతి అంకెల గుంపూ రావాల్సిన వంతులో వస్తే ఆ సంఖ్య పది ఆధారంలో నార్మల్. దాదాపు అన్ని వాస్తవ సంఖ్యలూ నార్మలే అని 1909లో ఎమీల్ బొరెల్ నిరూపించాడు. కానీ మనకి బాగా పరిచయమున్న పై నార్మలా కాదా అన్నది ఈరోజుకీ ఎవరూ తేల్చలేదు. 1, 2, 3, 4 అని వరసగా అంకెలన్నీ పక్కపక్కన రాసుకుంటూ పోయే 0.123456789101112... మాత్రం నార్మలే అని 1933లో ఛాంపర్‌నౌన్ చూపించాడు. అందరూ నార్మలే, ఫలానావాడు నార్మలా అంటే మాత్రం చెప్పలేం!

ఏ చర్యకి?

కెమిస్ట్రీ ల్యాబ్‌లో 0.1 నార్మల్ అని చీటీ అంటించిన సీసాలు చూశాం కదా. లీటరు ద్రావణంలో ఎన్ని గ్రామ్ తుల్యాంకాలు ఉన్నాయో చెప్పేది నార్మాలిటీ. ఒక మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని క్షారంతో పూర్తిగా తటస్థీకరిస్తే అది 2 నార్మల్. పొటాషియం పర్మాంగనేట్ ఇంకా తమాషా. ఒక మోలార్ ద్రావణం ఆమ్ల మాధ్యమంలో 5 నార్మల్, తటస్థ మాధ్యమంలో 3 నార్మల్. అదే సీసా, అదే ఊదారంగు, అదే గాఢత. ఏ చర్యలోకి దించుతున్నామో చెప్పకపోతే చీటీ మీది అంకె అసంపూర్ణం. ఈ గందరగోళం వల్లే ఇప్పుడు నార్మాలిటీ బదులు మోలారిటీయే వాడమంటున్నారు.

నార్మల్ బ్యూటేన్ అంటే కార్బన్లు కొమ్మలు లేకుండా ఒకే వరసలో ఉన్నది. కొమ్మ ఉంటే ఐసోబ్యూటేన్. ఇక్కడ మళ్ళీ "తిన్నగా" అనే అర్థం తొంగిచూస్తోంది.

ట్రిపుల్‌ఈ ఫ్రెండ్‌ని అడిగితే వాడు రిలే చూపించాడు. నార్మల్లీ ఓపెన్, నార్మల్లీ క్లోజ్డ్. ఇక్కడ నార్మల్ అంటే కాయిల్‌కి కరెంట్ ఇవ్వనప్పుడు అని. ఏడాదిలో 364 రోజులు కరెంట్‌లోనే ఉండి మూసుకుని ఉండే కాంటాక్ట్‌ని కూడా నార్మల్లీ ఓపెన్ అనే పిలుస్తారు. "ఎక్కువసార్లు ఎలా ఉంటుందో అదే నార్మల్" అనుకుని వైర్ కలిపితే పని తలకిందులే. ప్రెస్ మెషిన్ ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌కి నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్ట్ ఎందుకు వాడతారో వాడే చెప్పాడు. వైరు ఎక్కడైనా తెగినా సర్క్యూట్ తెగి మెషిన్ ఆగిపోవాలి. ఓపెన్ కాంటాక్ట్ పెడితే వైరు తెగిన సంగతి, చెయ్యి లోపల ఇరుక్కున్నాక బటన్ నొక్కితే గానీ తెలియదు. ఒక్క మాటని తప్పుగా అర్థం చేసుకుంటే చేతివేళ్ళు పోతాయి.

మా వర్క్‌షాప్‌లో నార్మలైజింగ్ ఉంది. ఉక్కుని దాని అప్పర్ క్రిటికల్ ఉష్ణోగ్రత దాటించి, కాసేపు అక్కడే ఉంచి, తర్వాత బయట కదలని గాలిలో చల్లారనివ్వడం. ఫోర్జింగ్‌లో చిందరవందరైన గ్రెయిన్స్ చిన్నగా, సమానంగా అవుతాయి. కొలిమిలోనే నెమ్మదిగా చల్లారిస్తే అనీలింగ్, నీళ్ళలో ముంచితే క్వెంచింగ్. మూడిట్లో ఏది మంచిది అంటే మళ్ళీ అదే ప్రశ్న: దేనికి? స్ప్రింగ్‌కా, షాఫ్ట్‌కా, రేకుకా?

సీఎస్ఈ వాళ్ళకి డేటాబేస్ నార్మల్ ఫామ్స్ నిద్రలో కూడా వస్తాయి. ఒకే సమాచారం పదిచోట్ల ఉండకుండా టేబుల్స్‌ని విడగొట్టడం. రిలేషనల్ మోడల్ తెచ్చిన ఎడ్గర్ కాడ్ తర్వాతెప్పుడో ఒక ఇంటర్వ్యూలో ఈ పేరు గురించి సరదాగా చెప్పాడు. అప్పట్లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాతో సంబంధాలు నార్మలైజ్ చేస్తానంటున్నాడట, ఆయన రిలేషన్స్ నార్మలైజ్ చెయ్యగలిగితే నేనూ చెయ్యగలను అనుకున్నాడట. అయితే ప్రతి డేటాబేస్‌నీ చివరిదాకా నార్మలైజ్ చెయ్యరు. రిపోర్టులు వేగంగా రావాలంటే కావాలనే డీనార్మలైజ్ చేస్తారు. ఇక్కడ కూడా అదే, దేనికి అన్నదాన్ని బట్టే.

గంట ఆకారం

ఇంతవరకూ ప్రతి సబ్జెక్టూ "దేనికి" అన్నది అడుగుతూనే ఉంది. ఈ ప్రశ్న ఎక్కడ జారిపోయింది? నాకు అర్థమైనంతలో, స్టాటిస్టిక్స్ దగ్గర.

మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా గంటలా ఉండే వక్రం మనకందరికీ తెలుసు. 1733లో అబ్రహాం డి మోయివర్ దీన్ని లెక్కగట్టాడు. 1809లో గౌస్ ఖగోళ పరిశీలనల్లో వచ్చే పొరపాట్లకి దీన్ని వాడాడు. ఒకే నక్షత్రాన్ని పదిసార్లు కొలిస్తే పది జవాబులు వస్తాయి, అసలు స్థానం మధ్యలో ఎక్కడో ఉంటుంది, మిగతావి తప్పులు. ఇక్కడిదాకా బాగానే ఉంది, ఎందుకంటే నక్షత్రం ఒక్కటే.

1835లో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే ఈ ఆలోచనని మనుషుల మీదికి తెచ్చాడు. మనుషుల ఎత్తు, బరువు కొలిచి సగటు మనిషి అని ఒకణ్ణి తయారుచేశాడు. ఆ సగటు మనిషే ఆదర్శం, మిగతా మనమంతా అటూ ఇటూ తప్పిన కొలతలం అన్నట్టు రాశాడు. నక్షత్రం ఒక్కటే గానీ మనుషులు ఒక్కరు కాదు కదా! నా ఎత్తు ఎవరి ఎత్తునో కొలవబోయి తప్పిన కొలత కాదు, అది నా ఎత్తే.

ఈ వక్రానికి నార్మల్ అనే పేరు 1870ల్లోనే కొందరు వాడారు గానీ బాగా ప్రచారంలోకి తెచ్చింది కార్ల్ పియర్సన్. గౌసా, లాప్లాసా ఎవరు ముందు అనే గొడవ తప్పించడానికి ఆ పేరు పెట్టాడు. తర్వాత 1920లో ఆయనే బాధపడ్డాడు. ఈ పేరు వల్ల, ఇలా లేనివన్నీ ఏదో రకంగా అబ్‌నార్మల్ అని జనం అనుకుంటున్నారు అని. పేరు పెట్టినాయనకే తప్పు తెలిసింది, కానీ అప్పటికే పేరు చేతులు దాటిపోయింది.

సగటు మనిషి కోసం వెతికితే ఏమవుతుందో అమెరికా వాయుసేన చూసింది. 1950లో 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకున్నారు. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ అధికారి వాటిలోంచి ఎత్తు, ఛాతీ, చేతుల పొడవు లాంటి పది కొలతలు ఎంచుకుని, ప్రతి కొలతలోనూ మధ్యలో ఉన్న 30 శాతాన్ని సగటు అనుకుందాం అన్నాడు. చాలా ఉదారమైన సగటు అది. పదింటిలోనూ సగటులో పడినవాళ్ళు ఎంతమంది? సున్నా. 4,063 మందిలో ఒక్కడు కూడా లేడు. సగటు పైలట్‌కి సరిపోయేలా కాక్‌పిట్ కడితే అది ఎవరికీ సరిపోదు అని తేలింది. దాంతో సీటూ పెడల్సూ జరుపుకునేలా చెయ్యమన్నారు. ఇవాళ మన నాన్న బైక్ అద్దం, కారు సీటు సర్దుకుంటున్నారంటే ఆ ఆలోచనే. మనిషిని మట్టానికి తగ్గట్టు చెక్కడం మానేసి, సీటుని మనిషికి తగ్గట్టు జరపడం.

రిపోర్టులో చుక్క

పోయిన వేసవిలో అమ్మ బలవంతం మీద బ్లడ్ టెస్ట్ చేయించుకున్నా. ఇరవై పైన అంకెలు, ఒకదాని పక్కన మాత్రం చుక్క గుర్తు. నార్మల్ రేంజ్ కంటే కొంచెం పైన. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. డాక్టర్ గారు రిపోర్ట్ చూసి, ఒంట్లో బాగుందా, అన్నం తింటున్నావా అని అడిగి, ఏం లేదు ఇంటికెళ్ళమన్నారు.

ఆ రేంజ్ ఎలా పుడుతుందో చదివాక డాక్టర్ గారి నింపాది అర్థమైంది. ఆరోగ్యంగా ఉన్న కొంతమంది, కనీసం 120 మంది అయితే మంచిది, వాళ్ళ రక్తం పరీక్షించి మధ్యలో పడిన 95 శాతం మంది విలువల్ని రేంజ్ అంటారు. అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనే నూటికి ఐదుగురు, ఆ నిర్వచనం ప్రకారమే, బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేశారనుకోండి. అన్నీ రేంజ్‌లో ఉండే అవకాశం 0.95 ని ఇరవైసార్లు గుణిస్తే వచ్చేది, దాదాపు 0.36. అంటే పూర్తి ఆరోగ్యవంతుడి రిపోర్ట్‌లో కూడా కనీసం ఒక చుక్క పడే అవకాశం 64 శాతం. నిజానికి పరీక్షలు కొన్ని ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి లెక్క అటూ ఇటూ అవుతుంది, కానీ విషయం అర్థమైంది కదా. చుక్క పడితే పట్టించుకోవద్దని కాదు, డాక్టర్‌కి చూపించాల్సిందే. చుక్క అంటే జబ్బు అని మాత్రం కాదు.

ఆసుపత్రిలోనే ఇంకో నార్మల్ ఉంది. "నార్మలా, ఆపరేషనా?" కాన్పు వార్త తెలియగానే మన ఇళ్ళల్లో అడిగే రెండో ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తం మీద 21.5 శాతం. అంటే తెలంగాణలో ఎక్కువగా జరిగేది నార్మల్ డెలివరీ కాదు. అయినా ఆ మాట మారలేదు, ఎందుకంటే అక్కడ నార్మల్ అంటే "ఎక్కువగా జరిగేది" కాదు, "సహజంగా జరగాల్సింది" అని. ఒక్కోసారి సిజేరియనే తల్లీబిడ్డల్ని కాపాడుతుంది, అప్పుడు అదే సరైనది. ఈ ఒక్క మాటలో ఎక్కువగా జరిగేది, సహజమైనది, మంచిది అనే మూడూ కలిసిపోవడం వల్ల ఆపరేషన్ అయిన మా అక్క, "నాకు నార్మల్ కాలేదు" అని ఏదో తప్పు చేసినట్టు చెప్పుకుంది.

తెలుగులో నార్మల్‌కి మనం వాడే మాట మామూలు. అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అలవాటుగా జరిగేది అని అర్థం. ఆ మాటకి మన దగ్గర ఇంకో అర్థం కూడా ఉంది, అది ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళని అడగండి. "మామూళ్ళు" అంటే లంచం! అలవాటుగా జరుగుతోంది కాబట్టి అది హక్కు అయిపోయింది. ఎక్కువగా జరిగేది సరైనది అనుకుంటే ఎక్కడిదాకా వెళ్తామో చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మట్టాన్ని తిప్పి చూడటం

మళ్ళీ నా దగ్గరికి వస్తా.

పెద్దవాళ్ళలో సుమారు నూటికి ఒకరికి నత్తి ఉంటుంది. మన కాలేజీలో వెయ్యిమంది ఉంటే దాదాపు పదిమంది అన్నమాట. వాళ్ళలో సగం మంది మీకు తెలియకపోవచ్చు, ఎందుకంటే మేము కష్టమైన మాట వస్తుందని ముందే పసిగట్టి వేరే మాటకి మళ్ళిపోతాం. నేను క్యాంటీన్‌లో ఇడ్లీ అడుగుతా. ఇష్టమై కాదు, "దోసె" అనడం కంటే తేలిక కాబట్టి. కానీ వైవాలో నార్మల్ స్ట్రెస్‌కి ఇడ్లీ లాంటి ఇంకో మాట లేదు.

నత్తి భయం వల్ల రాదు. భయం దాన్ని పెంచుతుందంతే. తెలివికీ దానికీ సంబంధం లేదు. పదిమందితో కలిసి ప్రార్థన చదివితే నాకు నత్తి రాదు. పాట పాడితే రాదు. తాతయ్యతో మాట్లాడితే దాదాపు రాదు. అదే సీసా, అదే గాఢత. తాతయ్య మాధ్యమంలో నేను 5 నార్మల్, వైవా మాధ్యమంలో 1 కూడా కాదు. మరి చీటీ మీద ఏ అంకె రాయాలి?

తాతయ్య దగ్గర నేను చూసిన ఒక పని ఉంది. కొత్త మూలమట్టం కొన్నప్పుడు దాన్ని నేరుగా వాడేవారు కాదు. తిన్నటి అంచున్న పలక మీద దాన్ని ఆనించి సన్నగా గీత గీసేవారు. తర్వాత మట్టాన్ని తిరగేసి, అదే చోట మళ్ళీ గీసేవారు. రెండు గీతలూ ఒకటైతే మట్టం మంచిది. విడిపోతే మట్టంలోనే తప్పుంది, పైగా గీతల మధ్య ఎడం అసలు తప్పుకి రెట్టింపు. "మట్టం తప్పైతే కొలిచిన ప్రతి తలుపూ తప్పుగానే కనిపిస్తుందిరా" అనేవారు.

నన్ను కొలిచిన మట్టం ఏంటి? నిమిషంలో ఐదు ప్రశ్నలు, టకటకా జవాబులు. అది దేన్ని కొలవడానికి? నార్మల్ స్ట్రెస్ తెలుసో లేదో తెలుసుకోవడానికా, ఎంత వేగంగా మాట్లాడతానో తెలుసుకోవడానికా? రెండోదైతే నేను తప్పాను, ఒప్పుకుంటా. మొదటిదైతే మట్టాన్ని ఒకసారి తిరగేసి చూడాలి. ఎక్స్‌టర్నల్ గారి మీద నాకు కోపం లేదు. ఆయన చేతికి అందిన మట్టం అది.

ఈ సెమ్ వైవాలు దగ్గరకొచ్చాయి. ఈసారి కూర్చోగానే, "సార్, నాకు నత్తి ఉంది, జవాబు తెలుసు, కొంచెం టైమ్ పడుతుంది" అని చెబుదామనుకుంటున్నా. ఆ వాక్యం చెప్పడానికే ఎంత టైమ్ పడుతుందో చూడాలి. మీ బ్యాచ్‌లో నాలాంటివాళ్ళు ఉంటే మీ నుంచి కావాల్సింది చిన్నదే. మా మాట మీరు పూర్తి చెయ్యొద్దు. రిలాక్స్ అనొద్దు. మొహం పక్కకి తిప్పుకోకుండా కాసేపు ఆగండి. వస్తుంది.

ఇంక ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాసేస్తున్నా. ఒక తలానికి లంబంగా పనిచేసే బలాన్ని ఆ తలం వైశాల్యంతో భాగిస్తే వచ్చేది నార్మల్ స్ట్రెస్. ఏ తలమో ముందు చెప్పాలి సార్.